లీ క్లాసిక్ టరెట్ ప్రెస్: తూటాలు కట్టడం నేర్చుకునేవాళ్ల చేతికి ఇవ్వదగ్గ యంత్రం

అమెరికాలో రీలోడింగ్, అంటే కాల్చిన తూటా కేసుల్లో మళ్లీ పౌడర్ నింపి ఇంట్లోనే తూటాలు కట్టుకోవడం, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ ప్రెస్ కొనాలని అడిగితే నేను లీ క్లాసిక్ టరెట్ ప్రెస్ కొనమంటాను. దీనికంటే వేగంగా పనిచేసేవి ఉన్నాయి, దీనికంటే గట్టివీ ఉన్నాయి. నేను చూసేది ఒక్కటే: నేర్పడానికి, నలుగురితో పంచుకోవడానికి ఇది ఎంతవరకు పనికొస్తుంది? కొన్నేళ్లుగా మా ఇంటి బేస్‌మెంట్‌లో బల్లకు బిగించి ఉన్న ఈ ప్రెస్ మీద నా చేతులకంటే కొత్తవాళ్ల చేతులే ఎక్కువ పడ్డాయి. కాబట్టి ఆ సంగతి నేను చెప్పగలను.

మేముండేది విస్కాన్సిన్‌లో, మిల్వాకీ పక్కన బ్రూక్‌ఫీల్డ్‌లో. యంత్రభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేస్తున్నాను. మైక్రోమీటరు, కాలిపరు నాకు రోజూ అన్నం పెట్టే వస్తువులు. విజయనగరంలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్.సి.సి.లో .22 రైఫిల్ కాల్చడం నేర్చుకున్నాను. అక్కడ ఫైరింగ్ అయ్యాక ఖాళీ కేసులన్నీ ఏరి లెక్కపెట్టి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా గడ్డిలో వెతకాల్సిందే. ఇక్కడికొచ్చాక ఖాళీ కేసు మనదే, దాన్ని మళ్లీ నింపుకోవచ్చు అని తెలిసినప్పుడు కలిగిన ఉత్సాహం నాకు ఇంకా తగ్గలేదు. మా పీవాకీ గుడి దగ్గర పరిచయమైనవాళ్లు, ఆఫీసువాళ్లు, షూటింగ్ రేంజ్‌లో కలిసినవాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి నేర్చుకుంటున్నారు.

ప్రెస్ సంగతికి వచ్చేముందు మనవాళ్లకు చెప్పి తీరాల్సిన మాట ఒకటుంది. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 అన్నీ అందులోకే వస్తాయి. పైగా ఆ చట్టం లెక్కలో తయారైన తూటా ఒక్కటే తూటా కాదు. ఇత్తడి కేసు, ప్రైమర్ (కేసు అడుగున కూర్చుని పౌడర్‌ను అంటించే చిన్న బిళ్ల), బులెట్ (కేసు మూతిలో కూర్చుని, కాల్చినప్పుడు ఎగిరి వెళ్లే ముక్క), పౌడర్ దేనికది విడిగా ఉన్నా అదే కిందికి వస్తుంది. "తుపాకీ లేదు కదా అక్కా, ఊరికే ప్రెస్ మీద చేయి వేస్తాను" అంటే కుదరదన్నమాట. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు ఒక మినహాయింపు ఉంది. అది తమకు వర్తిస్తుందో లేదో ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి తేల్చుకోవాలి. తేడా వస్తే వీసా, ఉద్యోగం రెండూ పోయే వ్యవహారం ఇది. విస్కాన్సిన్‌లో ఆ లైసెన్సు తీసుకోవాలన్నా 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. బల్ల దగ్గరికి ఎవరు వచ్చినా నేను ముందు ఇదే అడుగుతాను. అడగడానికి మొహమాటపడను.

ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధ చట్టం కింద నేరం. ఈ పరికరాలను ఊళ్లో ఎవరికో చూపిద్దామని పట్టుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగునే సర్దుకుని శంషాబాద్ విమానం కూడా ఎక్కొద్దు. అడుగున ఎక్కడో ఒక్క తూటా మిగిలిపోయి విమానాశ్రయంలో కేసులపాలైనవాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

ఇక ప్రెస్. లీ ప్రెసిషన్ కంపెనీ ఉన్న హార్ట్‌ఫోర్డ్ మా ఊరికి దగ్గరే. రిచర్డ్ లీ అనే ఆయన 1958లో మొదలుపెట్టాడు. సుత్తితో కొట్టి తూటా కట్టే లీ లోడర్ అనే చిన్న పెట్టె ఆయనకు పేరు తెచ్చింది. ఇప్పుడు నేను చెబుతున్న క్లాసిక్ టరెట్‌కు కింద పోత ఇనుము దిమ్మ, పైన నాలుగు కంతలున్న గుండ్రటి బిళ్ల ఉంటాయి. ఆ బిళ్లే టరెట్. నాలుగు కంతల్లో నాలుగు డైలు, అంటే కేసు మీద ఒక్కో పని చేసే అచ్చులు, బిగిస్తాం. కేసు మాత్రం కింద ర్యాము (పైకి కిందికి కదిలే లావు కడ్డీ) మీద, దాన్ని పట్టి ఉంచే షెల్ హోల్డర్‌లో నిలబడి ఉంటుంది. హ్యాండిల్ లాగితే ర్యాము పైకి లేచి కేసును డైలోకి నెడుతుంది. వదిలినప్పుడు పక్కనున్న మెలి తిరిగిన కడ్డీ బిళ్లను పావు వంతు తిప్పి తర్వాతి డైని కేసు మీదికి తెస్తుంది. నాలుగుసార్లు లాగితే ఒక తూటా తయారు.

మొదటి డై పాత ప్రైమర్‌ని లోపలి నుంచి పొడిచి కిందికి తోసి, కాల్చినప్పుడు ఉబ్బిన కేసును మళ్లీ కొలతకు నొక్కుతుంది. కొత్త ప్రైమర్ కూడా ఆ వరసలోనే కూర్చుంటుంది. రెండోది కేసు మూతిని కొద్దిగా వెడల్పు చేస్తుంది, పౌడర్ కూడా దానిలోంచే పడుతుంది. మూడోది బులెట్‌ని లోతుకు దించుతుంది. నాలుగోది మూతిని తిరిగి బిగిస్తుంది. పాత ప్రైమర్లు ర్యాము లోపలి గొట్టం గుండా జారి కింద ప్లాస్టిక్ ట్యూబులో పడతాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది కాబట్టి అది నేల మీద చెల్లాచెదురు కాకపోవడం నాకు పెద్ద విషయమే.

నేర్పడానికి ఇది ఎందుకు బాగుంటుందంటే, మొదలుపెట్టిన కేసు పూర్తయ్యేదాకా కళ్ల ముందు నుంచి కదలదు. డిల్లన్ ఎక్స్‌ఎల్ 750 లాంటి ప్రోగ్రెసివ్ ప్రెస్‌ల మీద ఒక్క లాగుకు ఒక తూటా బయటపడుతుంది. కానీ ఆ ఒక్క లాగులో వేర్వేరు కేసులకు వేర్వేరు పనులు ఒకేసారి జరిగిపోతుంటాయి. ఒకచోట ప్రైమర్ కూర్చుంటుంటే మరోచోట పౌడర్ పడుతుంటుంది, ఇంకోచోట బులెట్ దిగుతుంటుంది. అలవాటైన మనిషికి అది వరం. కొత్తవాళ్లకు ఎటు చూడాలో తెలియక టెన్షన్. సింగిల్ స్టేజ్ ప్రెస్ అయితే దానికి పూర్తిగా వ్యతిరేకం. కేసులన్నిటికీ మొదటి పని చేసి, డై మార్చి, అన్నిటికీ రెండో పని చేయాలి. ఓపిక ఉన్నవాళ్లకు చక్కగానే ఉంటుంది గానీ తొలిసారి వచ్చినవాళ్లు ఒక సాయంత్రం కూర్చుంటే పూర్తయిన తూటా ఒక్కటి కూడా చూడకుండా ఇంటికెళ్తారు. టరెట్ ఈ రెంటికీ మధ్య సరిగ్గా సరిపోయింది. కావాలంటే మెలి కడ్డీ తీసేసి దీన్నే సింగిల్ స్టేజ్‌గా కూడా వాడుకోవచ్చు. మొదటి పాఠంలో నేను చేసేది అదే.

బిగించడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తేలిగ్గా తీసుకుంటారు. కేసును నొక్కేటప్పుడు హ్యాండిల్ మీద పడే బలం బల్లను ముందుకు లాగుతుంది, తిరిగి ఎత్తేటప్పుడు వెనక్కి నెడుతుంది. తేలికపాటి బల్ల అయితే ఊగుతుంది. ఊగితే పౌడర్‌ను కొలిచి వదిలే డ్రమ్ములోంచి పడే పౌడర్ ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి తక్కువ. మా బల్ల కాళ్లు ఫోర్-బై-ఫోర్ దుంగలు, పైన రెండు పొరల ప్లైవుడ్, వెనక గోడలోని చెక్క స్టడ్డులకు స్క్రూలు. ప్రెస్‌ను నేరుగా బల్లకు కాకుండా ఒక స్టీలు పలకకు బిగించి, ఆ పలకను బల్లకు బోల్టులతో పట్టించాను. ఎవరికైనా కొన్నాళ్లు ఇవ్వాలంటే పలకతో సహా విప్పి ఇచ్చేయొచ్చు. బోల్టులకు చెక్క వైపు పెద్ద వాషర్లు వేయండి, లేకపోతే నెల తిరక్కుండా ప్లైవుడ్‌లో గుంటపడి వదులవుతుంది. ఎత్తు సంగతి కూడా ఉంది. కూర్చుని పనిచేసే మనిషి కళ్లు కేసు మూతికంటే పైన ఉండాలి, లోపలికి చూడగలగాలి. పొట్టివాళ్ల కోసం నేను ఎత్తు సర్దుకునే స్టూలు పెట్టాను. ప్రెస్ పక్కనే వంచుకోవడానికి వీలైన మెడతో చిన్న ఎల్ఈడీ దీపం బిగించాను. ఈ దీపం లేకుండా నేను ఎవరికీ నేర్పను.

మొదటి రోజు బల్ల మీద పౌడర్ ఉండదు, ప్రైమర్లు ఉండవు. ఖాళీ కేసులు, కొన్ని బులెట్లు, అంతే. డైని ఎలా దించాలో అప్పుడే నేర్పుతాను. ర్యాము పూర్తిగా పైకెత్తి, సైజింగ్ డైని, అంటే మొదటిదాన్ని, షెల్ హోల్డర్‌కు తగిలేదాకా తిప్పి, కార్బైడ్ డై కాబట్టి రవ్వంత వెనక్కి తిప్పి లాక్ రింగ్ బిగించాలి. కార్బైడ్ గట్టిదే కానీ పెళుసు. షెల్ హోల్డర్ దాన్ని గట్టిగా గుద్దితే చిట్లుతుంది. రెండో డై దగ్గర కొత్తవాళ్లందరూ మూతిని మరీ వెడల్పు చేస్తారు. కేసు మూతి సన్నాయి మూతిలా విచ్చుకోకూడదు. బులెట్‌ని వేలితో పెడితే పడిపోకుండా నిలబడాలి, అంతే చాలు. ఎక్కువ వెడల్పు చేస్తే ఇత్తడి త్వరగా అలిసిపోయి మూతి దగ్గర చీలుతుంది. 9 ఎం.ఎం. అయితే తయారైన డమ్మీ తూటాను పిస్తోలు నుంచి విప్పిన బ్యారెల్‌లో వేయిస్తాను. టక్కున పడి, తిరగేస్తే మళ్లీ దానంతట అదే జారి రావాలి. మధ్యలో ఆగిందంటే బులెట్ పైకుందనో, మూతి సరిగా మూసుకోలేదనో అర్థం. ఆ టక్ శబ్దం ఒకసారి చెవిన పడ్డాక కాలిపరు అంకెలు వాళ్లకు తేలిగ్గా బుర్రకెక్కుతాయి.

నేర్పడానికి నేను ఎక్కువగా వాడేది .38 స్పెషల్. కేసు నిటారుగా, పొడుగ్గా ఉంటుంది, చేతికి బాగా అందుతుంది. కార్బైడ్ డైకి నూనె రాయక్కర్లేదు. రివాల్వర్‌లో కాలుస్తాం కాబట్టి ఖాళీ కేసులు ఎటో ఎగిరిపోవు, సిలిండర్‌లోంచి గుప్పిట్లోకి వంపుకోవచ్చు. ప్రెషర్ పరిమితి కూడా తక్కువ. అమెరికా ప్రమాణాల్లో .38 స్పెషల్‌కు చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, 9 ఎం.ఎం.కు 35,000. అయినా దీనికీ ఒక ప్రమాదం ఉంది, అది పుట్టుకతో వచ్చింది. 1898లో పాతకాలం నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కోసం చేసిన కేసు ఇది. ఆ మందు కేసు నిండా పట్టేది. ఇప్పటి స్మోక్‌లెస్ పౌడర్ కొద్దిగా వేస్తే చాలు, అడుగునే ఉండిపోతుంది. అందువల్ల పొరపాటున రెండుసార్లు పడినా పొంగి బయటికి రాదు. పౌడర్ ఎంచుకునేటప్పుడు ఒక్కసారికే కేసులో సగానికి పైగా నిండే రకం చూసి తీసుకుంటే రెండోసారి పడితే కంటికి కనిపిస్తుంది. కొత్తవాళ్లకు నేను అలాంటి పౌడర్‌తోనే మొదలుపెడతాను.

ఎన్ని గ్రెయిన్లు వేయాలన్నది మాత్రం ఇక్కడ రాయను. నన్ను అడిగినా నోటితో చెప్పను. లైమన్ 50వ ఎడిషన్ హ్యాండ్‌బుక్ తెరిచి, వాళ్ల బులెట్ బరువు, వాళ్ల పౌడర్ పేరు వాళ్లే వెతికి, తక్కువ అంకె దగ్గర మొదలుపెట్టాలి. పౌడర్ కంపెనీ ఇచ్చే పట్టికతో కూడా సరిచూసుకోవాలి. హాడ్జ్‌డన్ లాంటి కంపెనీలు ఈ పట్టికలను ఉచితంగానే ఇస్తాయి. ఎవరో స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన అంకె ఎంత బాగా పనిచేసిందన్నా నా బల్ల మీద చెల్లదు. పౌండుకు 7,000 గ్రెయిన్లు. పిస్తోలు తూటాకు పట్టేది వాటిలో ఏ కొద్దో. అంత చిన్న కొలతలో ఒక అంకె అటూ ఇటూ అయితే తేడా మామూలుగా ఉండదు.

కొలత అంటే కాటా సంగతి చెప్పాలి. లీ డ్రమ్ మెజర్ కేసు తగిలితేనే పౌడర్ వదులుతుంది. కేసు పెట్టకుండా హ్యాండిల్ లాగితే ఏమీ పడదు. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. అయితే డ్రమ్ కొలిచేది పరిమాణం, మనకు కావలసింది బరువు. అందుకని పని మొదలుపెట్టాక తొలి పది, ఆ తర్వాత ప్రతి పదింటికి ఒకటి కాటా మీద వేసి చూడాల్సిందే. ఆన్‌లైన్‌లో కొన్న ఒక చవక డిజిటల్ కాటా మా ఇంట్లో పనిచేస్తూ పనిచేస్తూనే సున్నా నుంచి జరిగిపోయేది. ఫర్నేస్ గాలి తగిలినా అంకె మారేది. ఇప్పుడు తులాదండం లాంటి బీమ్ కాటా వాడుతున్నాను. ఏ కాటా అయినా సరే, పక్కన చెక్ వెయిట్లు, అంటే కచ్చితమైన బరువు తెలిసిన తూకపు రాళ్లు, ఉండాలి. ఫ్యాక్టరీలో గేజ్ పట్టుకునేముందు మాస్టర్ మీద పెట్టి చూస్తాం, ఇక్కడా అంతే.

విస్కాన్సిన్ చలికాలంలో హీటరు వల్ల గాలి బాగా పొడిబారిపోతుంది. స్వెటర్ విప్పితే చిటపటలాడే ఆ స్టాటిక్ వల్ల పౌడర్ రేకులు ప్లాస్టిక్ గరాటాకు, డ్రమ్‌కు అంటుకుని కొలత తప్పుతుంది. డ్రయ్యర్ షీట్‌తో గరాటాను, తొట్టిని తుడిస్తే చాలావరకు తగ్గుతుంది. వేసవిలో దీనికి పూర్తిగా తిరగబడి బేస్‌మెంట్ తేమ పట్టేస్తుంది, డీహ్యూమిడిఫయర్ నడుస్తూనే ఉండాలి. పని అయిపోగానే తొట్టిలో మిగిలిన పౌడర్ దాని సొంత డబ్బాలోకే తిరిగి పోసేయాలి. బల్ల మీద ఎప్పుడూ ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. రెండోది ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఒకదానిలోది మరొకదానిలో పడుతుంది. అలా కలిసిన పౌడర్ ఎంత ఖరీదైనదైనా వాడకూడదు.

ఈ ప్రెస్ మీద నమ్మకం పెరిగిన సందర్భం ఒకటి చెబుతాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకమ్మాయి, ఇక్కడ నర్సుగా చేస్తోంది, మా దగ్గర నేర్చుకుంటోంది. నా పద్ధతి ఏమిటంటే రెండో లాగు అయ్యాక చేయి హ్యాండిల్ మీది నుంచి తీసి, కేసులోకి తొంగిచూసి, "ఉంది" అని పైకి అని, అప్పుడే బులెట్ పెట్టాలి. ఆమె లయ పట్టుకుంది. లాగు, చూడు, ఉంది, బులెట్, లాగు, లాగు. ఒకచోట ఆగి, దీపం మెడ కిందికి వంచి, మళ్లీ చూసి, "అక్కా, దీంట్లో అడుగు కనబడుతోంది" అంది. తొట్టి ఖాళీ అయిపోయింది. హ్యాండిల్ పట్టులో ఏ తేడా తెలియలేదు. చప్పుడులోనూ తెలియలేదు. చూసినందువల్లే దొరికింది. పౌడర్ లేని తూటా కాలిస్తే ప్రైమర్ ఒక్కటే పేలి బులెట్‌ని బ్యారెల్లోకి నెట్టి అక్కడే వదిలేస్తుంది. చప్పుడు తుస్సుమంటుంది. అది గమనించకుండా తర్వాతది కాలిస్తే బ్యారెల్ ఉబ్బడమో పగలడమో జరుగుతుంది. ఒక్కో కేసు కంటి ముందు ఆగి వెళ్లే యంత్రం కాబట్టే ఆ అమ్మాయికి చూసే వ్యవధి దొరికింది. "ఇంత మెల్లగానా?" అని విసుక్కునేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. కొత్త మనిషి గంటకు నూరు తూటాలు కడితే నా దృష్టిలో అది మంచి వేగం.

ఇక్కడే ఒక జాగ్రత్త. మెలి కడ్డీ ఉన్నంతసేపు బిళ్ల దానంతట అదే తిరుగుతుంది కనుక ఒకే కేసులో రెండుసార్లు పౌడర్ పడే అవకాశం చాలా తక్కువ. కడ్డీ తీసేసి సింగిల్ స్టేజ్‌లా వాడేటప్పుడు ఆ రక్షణ ఉండదు, కేసు అదే డై కింద ఉండిపోతుంది. కాబట్టి కడ్డీ లేకుండా డ్రమ్ మెజర్ వాడనివ్వను. హ్యాండిల్‌ని సగం లాగి వదిలే అలవాటు కూడా ముందే మాన్పించాలి. పూర్తిగా కిందికి, పూర్తిగా పైకి లాగితేనే బిళ్ల సరిగ్గా చోటుకు వస్తుంది. ర్యాము మధ్యలో ఉండగా బిళ్లను చేత్తో బలవంతంగా తిప్పితే లోపలి చిన్న ప్లాస్టిక్ రాట్చెట్ అరుగుతుంది. అది విడిగా దొరుకుతుంది, చాలా చవక. ఒకటి రెండు డ్రాయర్లో పెట్టుకోండి.

ప్రైమర్లను ప్రెస్ మీద ఆటోమేటిక్‌గా అందించే పరికరం విడిగా అమ్ముతారు. కొత్తవాళ్లకు నేను అది పెట్టను. ఒక్కో ప్రైమర్‌ని చేత్తో కప్పులో పెట్టి, హ్యాండిల్‌ని మెల్లగా నెట్టి, అడుగు తాకిన స్పర్శ తెలుసుకోవాలి. కూర్చున్న ప్రైమర్ మీద వేలు తిప్పితే కేసు అడుగుకంటే రవ్వ లోపలే ఉండాలి. పైకి ఉబ్బి ఉంటే రివాల్వర్ సిలిండర్ తిరగదు. కళ్లద్దాలు లేకుండా ఎవరినీ ప్రైమర్ల దగ్గరికి రానివ్వను. సరిగా కూర్చోనిదాన్ని గట్టిగా నెట్టి సరిచేద్దామనే కోరిక అందరికీ కలుగుతుంది. ఆ కేసు పక్కన పెట్టేయడమే మంచిది. జిడ్డు చేతులతో ముట్టుకుంటే ప్రైమర్ పాడయ్యే అవకాశం ఉంది కాబట్టి ముందు చేతులు కడగాలి. అయ్యాక కూడా కడగాలి, ఈసారి సీసం కోసం. బల్ల దగ్గర టీ లేదు, జంతికలు లేవు, చంటిపిల్లలు అసలే లేరు. కేసులు శుభ్రం చేయడానికి పొడి టంబ్లర్ వాడితే దుమ్ము లేస్తుంది. అందుకే మేం నీళ్లతో తిరిగే టంబ్లర్‌కు మారాం. కడిగిన కేసులను వంటింటి ఓవెన్‌లో ఆరబెట్టే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పుడు పంచుకోవడం. ఈ ప్రెస్‌లో నాకు అన్నింటికంటే నచ్చినది బిళ్లను డైలతో సహా పైకెత్తి తీసేయగలగడం. ఒకసారి సర్దిన డైలు అలాగే ఉంటాయి, మళ్లీ పెడితే మళ్లీ అదే కొలత. విడి టరెట్ బిళ్ల ఖరీదు తక్కువే. నేర్చుకునే ప్రతి ఒక్కరినీ సొంత బిళ్ల, సొంత డై సెట్ కొనుక్కోమంటాను. ప్రెస్ నాది, సర్దుబాటు వాళ్లది. ఒకరు .38, ఒకరు 9 ఎం.ఎం., ఇంకొకరు .45 తెచ్చినా నిమిషంలో మార్చుకుని కూర్చుంటారు. ఎవరి డైని ఎవరూ తిప్పరు. బిళ్ల పెట్టుకునే పెట్టె మీద క్యాలిబర్, ఏ బులెట్‌కు సర్దినది అన్నీ రాసి ఉంటాయి. ప్రతి ఒక్కరికీ ఒక నోట్‌బుక్ కూడా ఉంటుంది. తేదీ, కేసు ఎన్నోసారి నింపినది, పౌడర్, బరువు, ప్రైమర్ రకం, మొత్తం పొడవు అందులో రాయాలి. తూటాల పెట్టె మీద అదే చీటీ అంటించాలి. చీటీ ఊడిపోయిన పెట్టెలోని తూటాలను కాల్చకుండా విప్పేస్తాం.

డైలు, షెల్ హోల్డర్, కాలిపరు, చెక్ వెయిట్లు ఎవరడిగినా ఇస్తాను. పలకతో సహా ప్రెస్సే ఇచ్చిన రోజులున్నాయి. పౌడర్‌ని మాత్రం సీసాలోకి వంపి ఇవ్వను. పేరులేని డబ్బాలోని పౌడర్ ఏమిటో చూసి గుర్తుపట్టగల మనిషి లేడు. నేను కట్టిన తూటాలు ఎవరికీ ఇవ్వను, ఇంకొకరు కట్టినవి నా రివాల్వర్‌లో పెట్టను. దగ్గరి చుట్టం అడిగినా ఇదే జవాబు. మొన్న మా ఆడపడుచు భర్త, "చెల్లెమ్మా, ఒక పెట్టె కట్టిపెట్టు, డబ్బులిచ్చేస్తాను" అన్నాడు. సొంతానికి కట్టుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, కానీ అమ్మకానికి తయారుచేయడం వ్యాపారం, దానికి టైప్ 06 లైసెన్సు కావాలి. డబ్బు మాట పక్కనపెట్టినా ఇంకొకరి తుపాకీలో నా చేతి పనికి నేను పూచీ పడలేను. వచ్చి కూర్చుంటే నేర్పుతానన్నాను. వచ్చాడు. బాగానే కడుతున్నాడు.

నిల్వ విషయంలో మా ఇంట్లో పౌడర్ ఫర్నేస్‌కు, గీజర్‌కు దూరంగా, ఇంకో గదిలో అలమారాలో ఉంటుంది. కంపెనీ డబ్బాల్లోనే ఉంటుంది. ఎన్.ఎఫ్.పి.ఎ. (అమెరికాలో అగ్ని ప్రమాదాల నివారణ ప్రమాణాలు రాసే సంస్థ) ప్రమాణాల ప్రకారం ఇంట్లో అసలు డబ్బాల్లో 20 పౌండ్ల దాకా ఉంచుకోవచ్చు. మాకు అందులో నాలుగో వంతు కూడా అవసరం పడదు. ప్రైమర్లు దానికి దూరంగా వేరే చోట పెడతాం.

డబ్బు మిగులుతుందా అని అడుగుతారు. 9 ఎం.ఎం. ఒక్కటే కాల్చేవాళ్లకు పెద్దగా మిగలదు, ముఖ్యంగా 2020 తర్వాత ప్రైమర్ల కొరత వచ్చి ధరలు పెరిగాక. .38 స్పెషల్, .45, రైఫిల్ తూటాలు కాల్చేవాళ్లకు తేడా బాగా తెలుస్తుంది. కొరత రోజుల్లో దుకాణాల్లో తూటాలు దొరక్కపోయినా మా బల్ల దగ్గర పని ఆగలేదు. పంచుకుంటే ఖర్చు ఇంకా తేలికవుతుంది. ప్రెస్, కాటా, టంబ్లర్, పుస్తకం ఒక్కొక్కటి చొప్పున నలుగురికి సరిపోతాయి.

ఎవరికి ఈ ప్రెస్ వద్దు? వారం వారం పోటీలకు వెళ్లి వేలల్లో కాల్చేవాళ్లు నేరుగా ప్రోగ్రెసివ్‌కే వెళ్లాలి. నవంబరు జింకల వేటకు .308 లాంటి రైఫిల్ తూటాలు జాగ్రత్తగా పాతిక కట్టుకునేవాళ్లకు ఆర్.సి.బి.ఎస్. రాక్ చకర్ లాంటి గట్టి సింగిల్ స్టేజ్ మేలు. సీసా మెడలాంటి రైఫిల్ కేసును నొక్కడానికి బలం ఎక్కువ కావాలి, నూనె తప్పనిసరిగా రాయాలి, తిరిగే బిళ్లలో ఉండే రవ్వంత కదలిక కూడా ఉండకూడదనుకుంటారు. క్లాసిక్ టరెట్ మీద రైఫిల్ తూటాలు కట్టొచ్చు, కానీ దాని అసలు బలం పిస్తోలు, రివాల్వర్ తూటాల దగ్గరే.

సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే కొనొచ్చా అంటే, నిస్సంకోచంగా కొనండి. పోత ఇనుము ఎటూ పోదు. ర్యాము పైకి కిందికి ఆడించి పక్కకు ఊగుతోందేమో చూడండి. బిళ్ల నాలుగు చోట్లా క్లిక్కుమని ఆగాలి. డైలలో తుప్పు గీతలుంటే కేసు మీద గీతలు పడతాయి, అవి వదిలేయండి. గరాజ్ సేల్‌లో ప్రెస్‌తోపాటు సగం వాడిన పౌడర్ డబ్బాలు కూడా కలిపి ఇస్తామంటారు. మూత తెరిచిన డబ్బాలో ఉన్నది పైన రాసినదేనన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ప్రెస్, డైలు తీసుకోండి, ఆ డబ్బాలు అక్కడే వదిలి రండి.